లివర్‌కి కట్టిన నీలం గుడ్డ

టైరు కోసినవాడు తొందరపడలేదు.

గేటు లోపల, మెట్ల పక్కన నిలబెట్టిన మా బండి ముందు టైరు మీద కత్తి ఒక్కచోటే దిగింది. జానెడు పొడవున, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది కోత. వెనక టైరు జోలికి పోలేదు. సీటు చింపలేదు, అద్దం పగలగొట్టలేదు. కోపం వచ్చినవాడు ఇంత పొందికగా పని చేయడు. అది చూసేసరికి మెట్టు మీద కూలబడ్డాను.

నేను డిటెక్టివ్‌ని, పిరికివాణ్ణి కూడా. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ధైర్యవంతుడు ఒకసారి చూసి ముందుకెళ్ళిపోతాడు. నేను భయం కొద్దీ ప్రతిదీ రెండోసారి చూస్తాను. ఇన్నాళ్ళూ నాకు తిండి పెట్టింది ఆ రెండో చూపే.

"మీరు అలా కూర్చుంటే టైరు అతుక్కోదు. లేవండి," అంది మా ఆవిడ.

ఆవిడ స్కూల్లో ఆటల టీచరు. బండి ఆవిడది, నడిపేదీ ఆవిడే. నేను వెనక కూర్చుని, కళ్ళు మూసుకుని, ఆవిడ భుజం గట్టిగా పట్టుకుంటాను. మా వీధిలో చిన్నపిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.

"ఇది బెదిరింపు. కేసు వదిలేయమంటున్నారు," అన్నాను.

"వదిలేస్తారా?"

"వదిలేద్దామనే ఉంది."

"అయితే ఆ పిల్లకి ఆ మాట మీరే చెప్పండి. నా వల్ల కాదు," అని ఆవిడ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల ఆవిడ క్లాసులోనే చదువుతోంది. తండ్రి మెకానిక్. నిన్న రాత్రి నుంచి లాకప్‌లో ఉన్నాడు. జరిగింది ఇదీ. వాలు రోడ్డుకి పైచివర మోటారుసైకిళ్ళ రిపేరు షాపు ఒకటుంది. దాని యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన బండికి ఈ మెకానిక్ ముందు టైరు మార్చాడు. పెద్దాయన ఆ బండెక్కి వాలు దిగాడు. దిగువన గోడౌను గోడ దగ్గర మలుపుంది. బండి మలుపు తిరగలేదు, ఆగనూ లేదు. నేరుగా గోడకి గుద్దుకుని ఆయన అక్కడికక్కడే పోయాడు. తర్వాత పోలీసులు ముందు బ్రేకు లివరు నొక్కి చూస్తే అది ఖాళీగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. బ్రేకు లేని బండిని ఇచ్చి మనిషి ప్రాణం తీశాడని మెకానిక్‌ని పట్టుకుపోయారు. ఈ సాయంత్రం ఐదింటికి కోర్టులో హాజరు పరుస్తారు. ఆలోగా నేనేమీ తేల్చకపోతే అతను జైలుకి పోతాడు, ఎన్నేళ్ళకి బయటపడతాడో ఎవరూ చెప్పలేరు.

మెకానిక్ మామగారు అదే షాపులో పాత మేస్త్రీ. ఆయనే నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నాడు. మా ఆవిడ ఆ రోజు తను కళ్ళారా చూసిన సంగతి చెప్పింది. పెద్దాయన గోడకి గుద్దుకున్న సమయంలో మెకానిక్ స్కూలు గేటు దగ్గర రొప్పుతూ నిలబడ్డాడట. కూతురు మెట్ల మీద నుంచి పడిపోయిందని ఎవరో చెప్పారట. పిల్ల నిక్షేపంగా ఆడుకుంటోంది. స్కూలు నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. అంటే పనిలో ఉన్నవాణ్ణి అబద్ధం చెప్పి పంపించేశారు. దీనికి సాక్షి మా ఆవిడ ఒక్కతే.

ఇక కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు ఎవరంటే, మా ఆవిడ సొంత తమ్ముడు. నా బావమరిది. మా పెళ్ళి నాటి నుంచి నన్ను తేలిగ్గా చూడటం అతనికో సరదా.

షాపుకి ఫోన్ చేస్తే కౌంటర్‌లో ఉండే ఆయన ఎత్తాడు. టైరు కోశారని చెప్పగానే అయ్యయ్యో అన్నాడు. "మీరు తోసుకురావద్దు సార్, మా చిన్న ట్రక్కు పంపిస్తాను. టైరు కూడా కొత్తది వేయిస్తాను," అన్నాడు తేనె కారే గొంతుతో. ఈయన పోయిన పెద్దాయనకి బావమరిది.

"సరే, నాలుగింటికి బడి వదలగానే నేనే షాపుకెళ్ళి బండి తీసుకుంటా. మీరు మాత్రం ముట్టుకోకండి," అని నాతో చెప్పి మా ఆవిడ బ్యాగు తగిలించుకుని నడుచుకుంటూ వెళ్ళింది.

*

లాకప్‌లో మెకానిక్ గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. గోళ్ళలో గ్రీజు ఇంకా అలాగే ఉంది. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"ఆ రోజు చేసిందంతా మొదటినుంచి చెప్పు," అన్నాను. "నాకు తెలిసే ఉంటుందిలే అని ఏదీ మింగేయకు."

"ఇంజిను కింద జాకీ పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపా సార్. నట్టు విప్పి, చక్రం మధ్యలో ఉండే రాడ్డు లాగి, చక్రం బయటికి తీశా. పాత టైరు ఊడదీసి, రిమ్ము తుడిచి, సబ్బునీళ్ళు రాసి కొత్తది ఎక్కించా. టైరు మీద బాణం గుర్తుంటుంది, అది చక్రం తిరిగే వైపు చూడాలి. చూసుకున్నా. గాలి కొట్టి, చక్రం మళ్ళీ పెట్టి, రాడ్డు దూర్చి నట్టు బిగించా."

"మరి బ్రేకు?"

"అదే సార్." రెండు అరచేతులూ దగ్గరగా పెట్టి చూపించాడు. "చక్రం పెట్టేటప్పుడు దాని పక్కనుండే బ్రేకు డిస్కు, దాన్ని నొక్కిపట్టే రెండు ప్యాడ్ల మధ్యకి దూరాలి. దూరాలంటే ప్యాడ్లని వెనక్కి నెట్టాలి. నెట్టాక లివరు నొక్కితే ఏమీ ఉండదు, ఉత్తగాలి. నాలుగైదుసార్లు నొక్కి వదిలితే ప్యాడ్లు మళ్ళీ దగ్గరికొచ్చి బ్రేకు పట్టుకుంటుంది. ఆ నొక్కడం ఒక్కటే మిగిలింది. అంతలో పాప పడిపోయిందని కేకేశారు."

"ఎవరు?"

"కౌంటర్‌లో ఆయన. పనిలో ఉన్నంతసేపు మా ఫోన్లు కౌంటర్‌లోనే పెట్టాలి, పెద్దాయన రూలు. స్కూలు నుంచి ఫోనొచ్చిందని ఆయనే చెప్పారు. ఇప్పుడేమో ఆ ఫోన్ నేనే మాట్లాడానంటున్నారట."

"బ్రేకు లేని బండిని అలాగే వదిలేసి పరిగెత్తావా?"

"వదల్లేదు సార్! గుడ్డ కట్టే ఉంది!" ఊచలు రెండు చేతులా పట్టుకున్నాడు. "ముందు చక్రం ఊడదీసే ముందే బ్రేకు లివరుకి గుడ్డ కడతాం. మా మామ పెట్టిన పద్ధతి. గుడ్డ ఉన్నంతసేపు ఆ బండి ఎవరూ ఎక్కకూడదు. కట్టినవాడే నడిపి చూడాలి, కట్టినవాడే విప్పాలి, విప్పిన గుడ్డ వాడి జేబులోకే పోవాలి. పెద్దాయనైతే గుడ్డ ఉన్న బండి సీటు మీద చెయ్యి కూడా వేసేవారు కాదు."

"గుద్దుకున్న బండికి గుడ్డ లేదు."

"లేదంటున్నారు సార్. నేను కట్టానని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినడం లేదు."

"ఏం గుడ్డ?"

"మా ఇంట్లో పాత కర్టెను చింపి వాడుతున్నాం. నీలం మీద తెల్ల చుక్కలు."

ఇంకొక్కటే అడగాల్సి ఉంది. "పెద్దాయన కాలితో వెనక బ్రేకు ఎందుకు తొక్కలేదు?"

"ఆయన కుడి చీలమండ పాత దెబ్బకి బిగుసుకుపోయింది సార్. పాదం వంగదు. ఏళ్ళ తరబడి చేతి బ్రేకు మీదే నడుపుతున్నారు. షాపులో అందరికీ తెలుసు."

జరిగింది నాకు కళ్ళకు కట్టింది. ఒక్క నట్టు వదులు చేయలేదు, ఒక్క వైరు కోయలేదు. ఒక మనిషి లివరు దగ్గరికి నడిచి ముడి విప్పాడు, బండి రెడీ అని చెప్పాడు. మిగతా పని వాలు చూసుకుంది. ఇలాంటివాడు మా గేటు లోపలికి వచ్చి, మా మెట్ల పక్కన వంగి, తీరిగ్గా టైరు కోసి వెళ్ళాడు. నేను ఆ పక్క గదిలోనే గురక పెడుతున్నాను.

బయటికి రాగానే మా ఆవిడకి ఫోన్ చేసి గుడ్డ పద్ధతంతా చెప్పేశాను, కేకేసింది ఎవరో మాత్రం చెప్పడం మరిచాను. భయం వేస్తే ఎవరికో ఒకరికి చెబితే గానీ నాకు ఊపిరాడదు.

"ఎంత మంచి పద్ధతండీ! ఇకనుంచి నేను లివరు చూసుకునే బండి ఎక్కుతా," అంది ఆవిడ.

*

పెద్దాయన పోయి మూడు రోజులైనా కాలేదు, షాపు షట్టరు అప్పుడే సగం ఎత్తి ఉంది. వెనక రేకుల షెడ్డులో మా బండి జాకీ మీద ముక్కు పైకెత్తుకుని నిలబడింది. మేస్త్రీ అప్పటికే లివరుకి నీలం గుడ్డ కట్టి, చక్రం ఊడదీసి, కొత్త టైరు పక్కన పెట్టుకుని నాకోసం చూస్తున్నాడు. అల్లుడు ఏం చేశాడో అదే నా కళ్ళ ముందు చేసి చూపించమని నేనే అడిగాను.

"చూడండి బాబూ, నా అల్లుడు తప్పు చేశాడంటే నేను తప్పు చేసినట్టే. నేను తప్పు చేయను," అన్నాడు మేస్త్రీ. ముసలాయనకి వినయం అనే మాట ఎవరూ నేర్పినట్టు లేదు. టైరు ఎక్కించే ఇనప పట్టీలు రిమ్ము అంచులో దూర్చి, మోకాలితో అదిమి, అరచేత్తో చరిచి టైరుని లోపలికి దించేశాడు. గాలి ఎక్కుతుంటే టైరు అంచు టప్పుమని రిమ్ముకి కరుచుకుంది. ఆ చప్పుడుకి నేను రెండడుగులు వెనక్కి గెంతాను.

"టైరండీ బాబూ, తుపాకీ కాదు," అని ముసలాయన నవ్వాడు.

ఆయన చక్రాన్ని బండికి పెడుతుంటే నేను కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ పెద్దాయన బావమరిది ఇస్త్రీ చొక్కాలో, నుదుటిన చెమట చుక్క కూడా లేకుండా కూర్చున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు.

"ఆ రోజు మెకానిక్‌కి ఫోన్ వచ్చిందన్నారు. ఎవరు ఎత్తారు?"

"అతనే సార్. నేను తీసి చేతికిచ్చానంతే."

"చేతులకి గ్రీజు ఉంటుంది కదా. మీ ఫోనుకి అంటలేదా?"

కనురెప్ప వేయలేదు. "తుడిచేశాను సార్."

"పెద్దాయనకి బండి రెడీ అయిందని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆయనంతట ఆయనే తీసుకుపోయారు."

"గుడ్డ ఉండగానే?"

"గుడ్డ లేదు సార్. ఉంటే నేను ఎక్కనిస్తానా? నా అక్క పసుపుకుంకాలు కదా." అంటూ కళ్ళు ఒత్తుకున్నాడు. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"ముందురోజు మీ బావగారు మీ మీద కేకలేశారని మేస్త్రీ చెప్పాడే?"

"ఇంట్లో మాటలు సార్. బావా బావమరుదులన్నాక ఉంటాయి. మీకు తెలియనివా?" మెత్తగా నవ్వాడు. నాకు బావమరిది ఉన్నాడని ఈయనకి ఎలా తెలుసు? నేను అడిగేలోపే ఆయన గుమ్మం వైపు కదిలాడు. "ఉండండి, టీ చెప్పొస్తాను. అన్నట్టు, మేడమ్‌గారు బండికి ఎన్నింటికొస్తారు?"

"నాలుగింటికి," అన్నాను.

ఆయన బయటికి వెళ్ళగానే నేను చుట్టూ చూశాను. కౌంటర్ వెనక అమ్మకానికి పెట్టిన టైర్లు వరసగా ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు బాగున్నాయనిపించింది. రెండోసారి చూస్తే మరీ బాగున్నాయి. కొత్త టైరుకి అంత నిగనిగ ఉండదు. వేలితో రాస్తే వేలు నల్లబడింది, రంగు కింద సన్నటి పగుళ్ళు బయటపడ్డాయి. ఎక్కడెక్కడివో పాత టైర్లకి నల్లరంగు పూసి కొత్తవని అమ్ముతున్నాడు. పెద్దాయన ముందురోజు ఎందుకు కేకలేశాడో అర్థమైంది.

వంగి కౌంటర్ కిందికి చూశాను. రంగు డబ్బా పక్కన, రంగు అద్దడానికి వాడిన గుడ్డ పీలిక ఒకటి పడి ఉంది. సగం నల్లగా అట్టకట్టింది. మిగతా సగం నీలం మీద తెల్ల చుక్కలు. రెండు కొసలూ ముడి వేసి విప్పినట్టు ఇంకా మెలితిరిగే ఉన్నాయి. కట్టినవాడి జేబులో ఉండాల్సిన గుడ్డ ఇక్కడికి నడిచి రాదు. ముడి విప్పినవాడు తీసుకొచ్చాడు. పనికొచ్చేదాన్ని పారేయడానికి చేయి రాక రంగుకి వాడుకున్నాడు.

గబుక్కున దాన్ని చొక్కా లోపలికి తోసేశాను.

"ఏమైనా దొరికిందా సార్?"

వెనకే నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో అడుగుల చప్పుడు కూడా లేదు.

"పెన్ను పడిపోయింది," అన్నాను. నా పెన్ను జేబులోనే ఉంది. ఆయన చూపు దాని మీదే ఆగింది.

"మీకోసమే వస్తున్నా సార్," అన్నాడు. "స్టేషన్ నుంచి ఫోన్. ఇన్‌స్పెక్టరుగారు మిమ్మల్నీ మేస్త్రీనీ వెంటనే రమ్మంటున్నారు. మీ ఫోను కలవడం లేదట, ఈ రేకుల కింద సిగ్నలు ఉండదు కదా. కోర్టుకి త్వరగా బయల్దేరుతున్నారట."

ఐదింటికన్నవాడు ఇప్పుడే తీసుకుపోతే నా చొక్కాలో ఉన్న గుడ్డ ఎవరికి చూపించాలి? షెడ్డులోకి పరిగెత్తాను. మేస్త్రీ చక్రం పెట్టేసి, రాడ్డు దూర్చి, నట్టుని వేళ్ళతో తిప్పుతున్నాడు.

"స్పానరుతో బిగించలేదేం?"

"ముందు జాకీ దించి, బండి ముందుభాగాన్ని నాలుగుసార్లు కిందికి అదిమి ఊపాలి. అప్పుడు రాడ్డు తన చోట సర్దుకుంటుంది. ఆ తర్వాతే బిగించాలి. ఆ తర్వాత బ్రేకు నొక్కాలి. ఇంకా ఆ రెండు పనులూ ఉన్నాయి," అంటూ జాకీ దించాడు.

"తర్వాత చేద్దువుగాని, రా. మీ అల్లుణ్ణి తీసుకుపోతున్నారు."

ముసలాయన మొహం పాలిపోయింది. చేతులు తుడుచుకుంటూనే బయల్దేరాడు. గుమ్మం దగ్గర నేను ఆగి వెనక్కి చూశాను. "బండి ఇలా వదిలేస్తే ఫర్వాలేదా?"

"గుడ్డ ఉందిగా బాబూ," అన్నాడు. "ఎవరెక్కుతారు?"

*

దారంతా ట్రాఫిక్కు. స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి గోడ గడియారం నాలుగు దాటింది. నా బావమరిది టేబులు మీద కాళ్ళు చాపుకుని ఫైలు తిరగేస్తున్నాడు.

"రా బావా, రా. మొహమేంటి అలా ఉంది? దారిలో కుక్క మొరిగిందా?"

ఇద్దరు కానిస్టేబుళ్ళు నవ్వు ఆపుకున్నారు. నేను గుడ్డ తీసి ఫైలు మీద పెట్టాను.

"ఏంటిది?"

"మెకానిక్ లివరుకి కట్టిన గుడ్డ. కౌంటర్ కింద దొరికింది."

"రిపేరు షాపులో గుడ్డ దొరికిందా! అబ్బో. రేపు హోటల్లో గరిటె కనిపెడతావేమో."

"నవ్వు ఆపి విను. పెద్దాయన తన షాపు పద్ధతి తెలిసిన మనిషి. గుడ్డ ఉంటే ఎక్కడు. ఎక్కాడంటే గుడ్డ లేదు. మెకానిక్ అప్పటికే స్కూల్లో ఉన్నాడు, మీ అక్కే చూసింది. మరి ముడి ఎవరు విప్పారు?"

"కడితే కదా విప్పడం! వాడు కట్టనేలేదు. పని మధ్యలో వదిలి పరిగెత్తాడని మా అక్క సాక్ష్యమే చెప్తోంది, నాకదే చాలు."

"కట్టకపోతే ఆ కర్టెను ముక్క ఆ కౌంటర్ కిందికి ఎలా చేరింది? ముడి మెలికలు చూడు. ఆ బావమరిది పాత టైర్లకి రంగు పూసి అమ్ముతున్నాడు, ఇదిగో నా వేలు. పెద్దాయనకి అది తెలిసిపోయింది. కుడికాలు పనిచేయని మనిషిని, బ్రేకు లేని బండి మీద, వాలులోకి వదిలాడు."

"ఎక్కడైనా బావమరిది బావని చంపుతాడా?"

"నీ మొహం చూసినప్పుడల్లా నాకొచ్చే అనుమానం అదే."

ఈసారి కానిస్టేబుళ్ళు ఆపుకోలేకపోయారు. నా బావమరిది పళ్ళు నూరాడు. కానీ కాళ్ళు టేబులు మీద నుంచి దిగాయి. గుడ్డ తీసుకుని కొసలు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మేస్త్రీ తన జేబులోంచి అదే కర్టెను ముక్క ఇంకొకటి తీసి పక్కన పెట్టాడు. రెండింటి మీదా ఒకే చుక్కలు.

"అల్లుణ్ణి తీసుకుపోకండి బాబూ," అన్నాడు ముసలాయన. షెడ్డులో విన్న ఆ గొంతు కాదది. "ఒక్క గంట ఆగండి."

"ఐదింటికి కదా తీసుకెళ్ళేది? ఇంకా టైముంది. ఇంత హడావిడిగా పరిగెత్తుకొచ్చారెందుకు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నువ్వు రమ్మంటేనే కదా వచ్చాం."

"నేనా?"

"షాపుకి ఫోన్ చేయించలేదూ? ఇద్దర్నీ వెంటనే రమ్మని?"

"నేనెవరికీ ఫోన్ చేయించలేదు బావా."

ఫోనొచ్చింది, వెంటనే వెళ్ళు. మెకానిక్‌కి చెప్పిన మాటే. అదే కౌంటర్, అదే తేనె గొంతు. అదే మోసానికి నేను, నా చొక్కాలో ఆ గుడ్డే పెట్టుకుని, బుద్ధిగా తలూపి వచ్చేశాను. అక్కడ నట్టు వేళ్ళతో తిప్పి వదిలిన, కాలి బ్రేకు తొక్కినా ముందు చక్రమే ఊడిపోగల బండి ఉంది. బ్రేకు లేని బండి ఉంది. దాన్ని తీసుకోవడానికి ఎవరు వస్తారో, ఎన్నింటికి వస్తారో నేనే నా నోటితో చెప్పాను.

పొద్దున్న టైరు కోసింది బెదిరించడానికి కాదు. మా బండి ఆ షాపుకి చేరాలి, మేస్త్రీ చేతులు దాని మీద పడాలి. స్కూలు నుంచి ఎవరూ ఫోన్ చేయలేదని చెప్పగల మనిషి మా ఆవిడ ఒక్కతే. ఆమె కూడా అదే వాలులో, మామా అల్లుళ్ళు టైరు మార్చిన బండి మీదే పోతే, సాక్షీ ఉండదు, అనుమానమూ ఉండదు. వాళ్ళ పనితనమే అంత అంటారు.

"మీ అక్క," అన్నాను.

అతని మొహంలో రంగు మారడం నా కళ్ళతో చూశాను. ఒక్క ఉదుటున లేచి కానిస్టేబుళ్ళని జీపు తీయమని అరిచాడు. నేను నంబరు నొక్కి, ఫోను టేబులు మీద పెట్టి స్పీకరు వేశాను. మోగింది. మోగుతూనే ఉంది. మేస్త్రీ ఆ ఫోను వైపు చూడలేక గోడ వైపు తిరిగాడు.

"ఏవండీ, చెప్పండి," అంది మా ఆవిడ.

"ఎక్కడున్నావ్?"

"షాపు ముందు ర్యాంపు మీద. బండి రెడీ అని స్కూలుకి ఫోన్ చేశారు, వచ్చేశా. ఎందుకలా రొప్పుతున్నారు?"

"లివరుకి... గుడ్డ ఉందా?"

"లేదండీ, చూశాను. మీరు చెప్పారు కదా, చూసుకునే ఎక్కాను," అంది గర్వంగా. "కానీ ఇంజిను అందుకోవడం లేదు. వాలులో వదిలితే అదే స్టార్టవుతుంది, వెనకనించి తోస్తానంటున్నాడు కౌంటర్ ఆయన. పాపం, ఎంత మంచివాడో. ఉండండి, హెల్మెట్ పెట్టుకోవాలి, ఫోను జేబులో పడేస్తున్నా. ఇంటికొచ్చాక మాట్లాడదాం."

దిగు అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాను, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నా భయం అంతా ఆ ఒక్క క్షణంలోనే నా పీక పట్టుకుంది.

"అక్కా! దిగు! అక్కా, బండి దిగు!" నా బావమరిది ఫోను మీద పడి గొంతు చించుకుని అరుస్తున్నాడు. అప్పటికే అవతల గుడ్డల రాపిడి తప్ప మరేమీ లేదు. జేబులో పడేసిన ఫోను కట్ కాలేదు. ర్యాంపు మీద చక్రాలు కదిలిన చప్పుడు వినబడింది. దాని వెంటే, దగ్గర్నుంచి, మెత్తగా, ఓపిగ్గా ఆ గొంతు వినబడింది.

"కాలు బ్రేకు మీంచి తీసేయండమ్మా. నేను తోస్తున్నాగా."